నాయక్ మీద ఫిర్యాదు

మా తండాలో నా నోటికి భయపడని వాళ్లు ఇద్దరే. ఒకరు మా యాడి, అంటే అమ్మ. నేను ఏం మాట్లాడినా ఆమె చెవిన పెట్టదు కాబట్టి భయం లేదు. రెండో మనిషి మా బాపు చందూలాల్. ఆయన నాయక్ కాబట్టి ఎవరికీ భయపడడు. కారేపల్లి దాటాక వచ్చే మా తండాలో పెళ్లి తగవైనా గట్టు తగవైనా ఆయన చెప్పిందే తీర్పు. అలాంటి మనిషిని, ఆయన కన్నకూతురు సంగీతనైన నేనే, తీజ్ పండుగ మొదటి రోజున తండా అందరి ముందు నిలబెట్టి పంచాయితీ పెట్టించాను. ఎందుకు పెట్టించానో పూర్తిగా విని, ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

రెండు వేల తొమ్మిది ఎండాకాలంలో బాపు నడుం పట్టేసి మంచాన పడ్డాడు. మిర్చి టిక్కీ బస్తా ఎత్తినందుకే అనుకున్నాం. ఊరి ఆర్ఎంపీ నొప్పి సూదులు పొడిచాడు, యాడి ఆముదం కాచి రాసింది. తగ్గకపోగా మనిషి పాలిపోయి, ఎముకల్లో నొప్పంటూ మూలగడం మొదలుపెట్టాడు. ఖమ్మం తీసుకుపోతే పరీక్షలన్నీ చేసి ఎముకల మూలుగలో క్యాన్సర్ అన్నారు. నయం చేసే మందు కాదు గానీ, జబ్బును అణిచిపెట్టి మనిషిని లేపి నడిపించే మందు ఒకటి కొత్తగా వచ్చిందని డాక్టరు చెప్పాడు. సూది మందు. రెండు వారాలు వారానికి రెండుసార్లు, తర్వాత కొన్నాళ్లు విరామం, మళ్లీ మొదలు.

నేను పంతులమ్మను, అప్పుడు బడికి సెలవులు. ప్రతి సూదికీ నేనే వెంట వెళ్లేదాన్ని. అక్కడ సూది ఇచ్చే నాగలత సిస్టర్‌ది సత్తుపల్లి వైపు. మాట మెత్తన, పని మాత్రం మహా కచ్చితం. ముందు రక్తపరీక్ష రిపోర్టు చూసేది. బాపు పేరు ఆయన నోటితోనే చెప్పించుకునేది. చేతులకు గ్లోవ్స్, ఒంటికి గౌను వేసుకుని మందు కలిపేది. మా బాపు ఊరుకుంటాడా? తోటలో పురుగుమందు మేము ఉత్తచేతులతోనే కలుపుతామని, చేతులకు ఏమీ కాలేదని గొప్ప చెప్పుకున్నాడు. అదీ మానేయమంది సిస్టర్. అంత దూరం తిరగలేమని, సీసా ఇస్తే తండాలో ఆర్ఎంపీ చేత పొడిపించుకుంటామని ఇంకోసారి బేరం పెట్టాడు. ఇది నరంలోకి మాత్రమే ఇవ్వాల్సిన మందని, ఇంకెక్కడ పడినా ప్రాణం మీదికి వస్తుందని, రెండు సూదుల మధ్య కనీసం మూడు రోజులు ఉండి తీరాలని ఆమె కూర్చోబెట్టి చెప్పింది. సూది పొడిచే ముందు ప్రతిసారీ తప్పకుండా ఒకే మాట అడిగేది.

"కాళ్లు తిమ్మిర్లు పడుతున్నాయా చందూలాల్ గారూ? మొద్దుబారినట్టు, మంటగా ఏమైనా ఉందా? ఉంటే దాచొద్దండీ, మందు తగ్గించాల్సి ఉంటుంది."

"ఏం లేదు సిస్టర్," అనేవాడు బాపు. అప్పుడు నిజంగానే ఏమీ లేదు.

జూన్‌లో బడి తెరిచారు. నా ఉద్యోగం చర్ల దాటి అడవిలో ఉన్న ఊరి బడిలో. వానాకాలం ఆ తోవ తోవ కాదు, బురదగుంట. పండుగకో పబ్బానికో తప్ప ఇంటికి రాలేను. బాపును ఖమ్మం తీసుకుపోయే పని మా తమ్ముడు బలరాం మీద పడింది. మావాడు బండి బాగా నడుపుతాడు, మందులు వేళకు ఇస్తాడు, అన్నీ బాగానే చేస్తాడు గానీ బాపు ముందు నోరు తెరవడు. బాపు ఏం లేదంటే వాడూ ఏం లేదంటాడు.

తీజ్‌కు సెలవు పెట్టి ఇల్లు చేరాను. ఫాల్గుణంలో నా పెళ్లి, అందుకే అది నా చివరి తీజ్. పెళ్లికాని ఆడపిల్లలమే చేసే పండుగ అది. బుట్టల్లో పుట్టమన్ను, మేక ఎరువు నింపి గోధుమలు చల్లి, నాయక్ ఇంటి ముందు మంచె మీద పెడతాం. నిమజ్జనం దాకా ఉప్పూ కారం లేకుండా తింటూ, పూటపూటా నీళ్లు పోసి మొలకలు పెంచుతాం. ఎవరి మొలక ఎంత ఏపుగా వస్తే వాళ్లకు అంత మంచి మొగుడని ముసలమ్మలు ఊరిస్తారు. అన్నాళ్లూ తీజ్ పట్టిన పిల్ల పొలిమేర దాటకూడదని మా తండా కట్టుబాటు.

తీజ్ మొదటి రోజు పొద్దున్నే బలరాం ఖమ్మం నుంచి రిపోర్టు పట్టుకొచ్చాడు. బండి దిగకముందే చేయి ఊపుతూ అరుస్తున్నాడు. రక్తంలో జబ్బు కొలత సగానికంటే కిందికి దిగిందట. బాపు లేచి నిలబడి ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని మరీ చదివాడు. యాడి ఏడ్చింది. నేను ఎగిరిన ఎగురుకు మంచె మీద బుట్ట ఒకటి దొర్లింది. ఇంటింటికీ బెల్లం పంచాం. డప్పులవాళ్లు సాయంత్రం దాకా ఆగలేక మధ్యాహ్నమే మొదలుపెట్టారు. అంత సంతోషం మా వాకిట్లో ఎన్నడూ చూడలేదు.

ఆ సంతోషంలో నాకు ఒక్కటే వింతగా తోచింది. మా బాపు బూట్లు వేసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక తోలు చెప్పులు తప్ప ఎరగని మనిషి, లేసులు బిగించి కట్టిన నల్ల బూట్లు. కలెక్టరు సాబు ఎప్పుడొచ్చాడు మన తండాకు అని ఆటపట్టించాను. ఆయన నవ్వేసి, నేల చూసుకుంటూ, ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తూ మంచె దగ్గరికి పోయాడు. నేను అది నాయక్ దర్జా అనుకున్నాను.

సాయంత్రం రేగుముళ్ల వేడుక మొదలైంది. నానబెట్టిన శనగల్ని రేగుకొమ్మ ముళ్లకు గుచ్చాలి. మేం గుచ్చుతుంటే అన్నదమ్ములు, వరసైనవాళ్లు కొమ్మను పట్టి ఊపుతారు. శనగ జారి, ముల్లు వేలికి దిగి, కేకలు, తిట్లు, నవ్వులు. బలరాం ఆ రోజు కసిగా ఊపాడు. ముళ్లు రాలి వాకిలంతా పడ్డాయి. నా వేళ్లు మూడుచోట్ల చీరుకుపోయాయి. వాణ్ని వంగదీసి రెండు గుద్దులు గుద్ది మరీ నా శనగలన్నీ గుచ్చాను.

బుట్టల దగ్గరికి చెప్పుకాలితో ఎవరూ రాకూడదు, నాయక్ అయినా సరే. బాపు కూడా బూట్లు విప్పి వచ్చాడు. డప్పు వేగం పెరిగింది, ఆటకు మేం వలయం కట్టాం, ఆయనా మాలో కలిశాడు. ఎండాకాలం మంచం మీద పక్కకు ఒత్తిగిల్లలేని మనిషి చేతులు పైకెత్తి ఆడుతుంటే తండా అంతా చప్పట్లు కొట్టింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. పాట పాడుతూనే ఏడుస్తున్నాను, ఏడుస్తూనే ఆడుతున్నాను.

అప్పుడు నేల మీద ఎర్రటి అడుగులు కనబడ్డాయి. పేడతో అలికిన వాకిట్లో, వలయం పొడవునా, ఒకే పాదం గుర్తు. ఎవరో కుంకుమ తొక్కారనుకున్నాను. వంగి వేలితో తాకితే తడి. నెత్తురు. ఆ గుర్తుల వెంబడే చూపు పోనిస్తే అవి మా బాపు మడమ దగ్గర ఆగాయి. ఆయన ఇంకా ఆడుతున్నాడు, నవ్వుతున్నాడు.

చెయ్యి పట్టి పక్కకు లాగి అరుగు మీద కూర్చోబెట్టి పాదం ఎత్తి చూశాను. రేగుముల్లు మొదలంటా దిగి విరిగి ఉంది. పిన్నీసుతో తీస్తున్నానా, ఆయన ఆటవాళ్లకేసి చూస్తూ తల ఊపుతున్నాడు. ముల్లు బయటికి వచ్చింది. గట్టిగా నొక్కాను. ఆయనకు తెలియలేదు. పిన్నీసు మొన బొటనవేలికి ఆనించాను. తెలియలేదు.

"ఎన్నాళ్ల సంది బాపూ?" అన్నాను.

ఆయన పాదం వెనక్కి లాక్కున్నాడు. గొంతు తగ్గించి, పండుగపూట లొల్లి చేయవద్దని, రేపటి సూది పడ్డాక తీరిగ్గా మాట్లాడుకుందామని బతిమాలాడు. సిస్టర్‌కు మాత్రం చెప్పవద్దన్నాడు. రేపు బలరాం తీసుకుపోతాడు, నువ్వు తీజ్ పట్టినదానివి, పొలిమేర దాటలేవు కదా అని పైగా కట్టుబాటు గుర్తుచేశాడు. అదిగో, అక్కడ నాకు మండింది. మొలకల పేరు చెప్పి నన్ను కట్టేసి, రేపు వెళ్లి మళ్లీ అదే అబద్ధం చెప్పి, అదే మందు పొడిపించుకుని వస్తాడన్నమాట. ఇంట్లో అరిచి లాభం లేదు. బాపును కదిలించగలిగేది ఒక్కటే, ఆయన కూర్చునే ఆ పంచాయితీ.

నేరుగా పోయి డప్పు మీద చెయ్యి పెట్టి ఆపాను.

"ఫిర్యాదు ఉన్నది," అన్నాను. "నాయక్ మీద."

మా దగ్గర ఫిర్యాదు అన్న మాట ఎవరి నోట వచ్చినా ఎక్కడి పని అక్కడ ఆపి చాప పరవాల్సిందే. నాయక్ మీదే అయితే తీర్పు కార్‌భారిది, అంటే నాయక్ తర్వాతి పెద్దది. మా కార్‌భారి హీరాలాల్ తాత ఒక్కో మాటకూ మధ్య బీడీ కాల్చేంత సేపు తీసుకుంటాడు. ఆయన వచ్చి చాప మీద కూర్చున్నాడు. పంచాయితీలో నిలబడ్డవాడు పాగా తీసి చాప మీద పెట్టాలి. మా బాపు ఎందరి చేతనో పాగా తీయించాడు. ఆ రోజు ఆయనే తీసి పెట్టాడు. అయినా నేను నోరు ఆపలేదు. ముల్లు చూపించాను, నెత్తుటి అడుగులు చూపించాను, సిస్టర్ ప్రతిసారీ ఏం అడుగుతుందో చెప్పాను.

హీరాలాల్ తాత సాక్ష్యం అడిగాడు. మా యాడి లేచింది. నెల కింద చేనుకు పోయిన మనిషి ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చాడని చెప్పింది. రెండోది ఎక్కడో బురదలో ఊడిపోతే, ఊడిందన్న సంగతి కూడా తెలియకుండా గడప దాకా నడిచొచ్చాడట. మర్నాడే బలరాంను పంపి బూట్లు తెప్పించాడట. లేసులు కట్టుకుంటే ఊడవు కదా. నేను దర్జా అనుకున్నది అది. అంత తెలిసీ ఊరుకున్నావా అని యాడి మీదికి లేచాను. ఆయన ఒట్టు వేయించుకున్నాడని, పంచాయితీ ముందు ఒట్టు చెల్లదు కాబట్టి ఇప్పుడు చెప్పానని ఆమె కూర్చుంది.

"చెప్పు చందూలాల్," అన్నాడు తాత. "ఎందుకు దాచినవ్?"

బాపు పాగా వైపు చూస్తూ చెప్పాడు.

"తల్లాడ బసవపున్నయ్య లేడా, నా పక్క కుర్చీల సూది వేయించుకునేటాయన. తిమ్మిర్లని చెప్పిండు. చెప్పంగనే ఆయనకు మందు తగ్గించిన్రు. మిర్చికి నల్లి పడితే మనమేం చేస్తం? మందు పల్చగ కొడితే నల్లి చావది, మొండిది అయితది. తర్వాత ఏ మందుకూ లొంగది. నా బిడ్డ పెండ్లి ఫాల్గునంల ఉన్నది. కాళ్లు పోతే పోనీ, అప్పటిదాక నేనుంటే చాలనుకున్న."

నా పెళ్లి కోసం కాళ్లు పోగొట్టుకుంటానంటే ఆ పెళ్లే నాకొద్దని, పెళ్లి పీటల దగ్గరికి నడిచొచ్చే బాపు కావాలని చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను.

హీరాలాల్ తాత తీర్పు ఇచ్చాడు. రేపు చందూలాల్ తన నోటితో తానే సిస్టర్‌కు ఉన్నదంతా చెప్పాలి. సాక్షిగా కూతురు పోవాలి. పొలిమేర దాటినందుకు పిల్లకు తప్పు లేదు, ఆమె బుట్టకు చిన్నాన్న కూతురు కవిత నీళ్లు పోస్తుంది. నిజం చెప్పి వచ్చేదాకా పాగా చాప మీదే ఉంటుంది. బాపు ఉత్త తలతో లేచి లోపలికి పోయాడు. నేను గడప దగ్గర ముడుచుకుని కూర్చున్నాను. గెలిచినట్టు ఏమాత్రం అనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే బాపు, బలరాం, నేను ఖమ్మం చేరాం. తలకు పాగా లేని బాపును చూసి సిస్టర్ ముందు గుర్తుపట్టలేదు. ఎప్పటిలాగే గ్లోవ్స్ తొడుక్కోబోతూ తిమ్మిర్ల సంగతి అడిగింది. బాపు నా వైపు చూశాడు. నేను కళ్లు దించలేదు.

"ఉన్నయ్ సిస్టర్," అన్నాడు. "మస్తున్నయ్. మంట గూడ ఉన్నది. నేనే దాచిన."

ఆమె గ్లోవ్స్ పక్కన పెట్టి డాక్టరును పిలిచింది. బలరాం తువాలతో బాపు కళ్లకు గంత కట్టాడు. డాక్టరు దూదితో ఒకసారి, మొనతో ఒకసారి తాకుతూ ఎక్కడ తాకానో చెప్పమన్నాడు. బొటనవేలు తాకితే బాపు చిటికెనవేలు అన్నాడు. పాదం తాకితే ఇంకా మొదలుపెట్టలేదా అన్నాడు. బలరాం గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ఈ రోజు సూది లేదన్నాడు డాక్టరు. ఈ మందు జబ్బు మీద పనిచేస్తూనే నరాల్ని కూడా దెబ్బ తీస్తుందని, మొదట్లోనే చెప్పి ఉంటే కొంచెం తగ్గిస్తే సరిపోయేదని, ఇప్పుడు నరాలు తేరుకునేదాకా ఆపక తప్పదని, తర్వాత తగ్గించిన మోతాదులో వారానికి ఒక్కసారే ఇస్తానని చెప్పాడు. ఇంకో రెండు విడతలు ఇలాగే దాచి ఉంటే కాళ్లు తిరిగి వచ్చేవో కాదో చెప్పలేనన్నాడు. ముల్లు గాయం కడిగి కట్టుకట్టారు, టీటీ ఇచ్చారు. ఒంట్లో వేడి అనిపిస్తే రాత్రనక పగలనక రావాలన్నారు.

అప్పుడే తలుపు తోసుకుని బసవపున్నయ్య వచ్చాడు. గుంటూరు వైపు నుంచి వాళ్ల తాతల కాలంలో తల్లాడ వచ్చి స్థిరపడిన రైతు. మా బాపుతో మిర్చి గురించి వాదం పెట్టుకోనిదే ఆయనకు సూది ఎక్కదు. జరిగింది విని, చంకలోని రిపోర్టు తీసి బాపు ఒళ్లో పడేశాడు. మందు తగ్గించాక కూడా ఆయన జబ్బు కొలత దిగుతూనే ఉంది. చెప్పులు విప్పి, గది ఈ మూల నుంచి ఆ మూలకు గబగబా నడిచి చూపించాడు.

"ఏమయ్యా చందూలాలూ, ఇన్నేళ్లు మిరప వేశావు. మందు ఘాటెక్కితే నల్లి చస్తుంది సరే, ఆకు మాడిపోదూ? నల్లి ఒక్కటే చచ్చి ఏం లాభం, చెట్టు మిగలొద్దూ?"

బాపు ఆ రిపోర్టును ఈసారి సరిగ్గా పట్టుకుని చూశాడు. ఆకు మాడినా వేరు బాగుంటే రెండు తడులకు మళ్లీ చిగురేస్తుందని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. అందుకే డాక్టరుగారు ఆగమంటున్నారు అన్నాడు బసవపున్నయ్య. బాపు ఏమీ అనలేదు. వాదంలో ఆయన ఏమీ అనకపోవడం అంటే ఒప్పుకున్నట్టే.

తండాకు తిరిగొచ్చాక హీరాలాల్ తాత పాగా తనే ఎత్తి బాపు తలకు చుట్టాడు. డప్పు మళ్లీ మోగింది. నిమజ్జనం రోజున మొలకలు పచ్చగా, ఒత్తుగా లేచాయి. కవిత పెంచిన నా బుట్టే అందరికంటే ఎత్తు. వాగు దగ్గర అన్నదమ్ములు తీజ్ పట్టిన అక్కచెల్లెళ్ల కాళ్లు కడుగుతారు. బలరాం నా కాళ్లు కడుగుతుంటే బాపు బూట్లతో కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు.

"నీళ్లు సల్లగున్నయా బిడ్డా?" అని అడిగాడు. సల్లగున్నయి అన్నాను. ఆయన తల ఊపాడు. నా కాళ్లకు తెలిసే చల్లదనం మా బాపుకు తెలియదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

నేను చర్ల వెళ్లిపోయాను. బాపుకు సూది ఆపారు, తర్వాత తగ్గించి మొదలుపెట్టారు. ఇప్పుడు సిస్టర్ ఒక్క మాట అడిగితే బాపు పది మాటలు చెబుతున్నాడని, ఏ వేలు ఎట్లుందో, ఏ పూట మంట ఎక్కువో మొదలుపెడితే వెనక కూర్చున్నవాళ్లు విసుక్కుంటున్నారని బలరాం చెప్పాడు. కొలత పెరగలేదు. కాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఎప్పుడు ఫోన్ చేసినా అదే మాట, ఇంకా తెలుస్తలేదు బిడ్డా అని.

దసరా పోయింది, దీపావళి పోయింది. మా బడిలో ఫోనుకు సిగ్నల్ రావాలంటే దారం కట్టి కిటికీ ఊచకు వేలాడదీయాలి. ఒకరోజు ఎక్కాలు చెప్పిస్తుంటే అది మోగింది. పిల్లలు ఆగిపోయారు. చూస్తే బాపు. పనివేళ ఆయన ఎన్నడూ ఫోన్ చేయడు. ఏమైందోనని పరుగున వెళ్లి కిటికీకి చెవి ఆనించాను.

"బిడ్డా!" అని ఒక్క కేక. ఆ గొంతుకు ఫోను అక్కర్లేదు, కారేపల్లి నుంచి చర్లకు నేరుగా వినిపిస్తుంది. "చీమ కుట్టింది!"

నాకు అర్థం కాలేదు. ఎవరికి బాపూ అన్నాను.

"నాకే! అరుగు మీద కాళ్లు చాపి కూసున్న. ఎడమకాలు చిటికెనేలు. చురుక్కుమన్నది. ఎర్రచీమ. మంట పుడుతున్నదే!"

ఏ వేలు అని మళ్లీ అడిగాను, నిజంగా నొప్పిగా ఉందా అని అడిగాను, ఎంత నొప్పి అని అడిగాను. ఆయన ప్రతిదానికీ ఓపిగ్గా, సంబరంగా జవాబు చెప్పాడు. వెనక యాడి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. నా బడి పిల్లలు లేచి నిలబడి నన్నే చూస్తున్నారు. మా నాన్నకు చీమ కుట్టిందని చెప్పి గంతులు వేస్తుంటే, ఏం అర్థమైందో ఏమో, వాళ్లూ గంతులు మొదలుపెట్టారు.

"చీమను చంపినవా?" అన్నాను ఊపిరి తిప్పుకుంటూ.

"ఎందుకు చంపుత?" అన్నాడు మా బాపు. "బెల్లం పెట్టిన."